ఒళ్ళు పెద్దదైనంత మాత్రాన ఓర్పు పెద్దది కాదు: పెద్ద జాతి కుక్కల పెంపకంలో అపోహలు – వాస్తవాలు

విజయవాడలో నేను నడిపే పశువైద్యశాలకు ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వీలర్ వంటి కుక్కలను తీసుకువచ్చేవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇంత పెద్ద కుక్కండీ, దీనికేమవుతుంది డాక్టర్ గారూ?" ముప్పై అయిదు కిలోల బరువుతో, ఎదురొచ్చిన ప్రతి మనిషి భుజాల మీదకు ఎగబాకే ఆ జంతువును చూస్తే ఎండనైనా, మెట్లనైనా, దెబ్బలనైనా తట్టుకుంటుందనే అనిపిస్తుంది. నిజానికి శరీరం పెరిగేకొద్దీ లోపలి వేడిని వదిలించుకోవడం కష్టమవుతుంది, కీళ్ళ మీద భారం పెరుగుతుంది, యజమాని చేసే చిన్న పొరపాటుకు నష్టం కూడా పెద్దదే అవుతుంది. నేను రోజూ వినే అపోహలలో చాలా భాగం ఈ ఒక్క తప్పుడు అంచనా నుంచి పుట్టినవే.

అపోహ: మన ఊరి ఎండలకు కుక్క అలవాటు పడిపోతుంది, సాయంత్రం అయిదు దాటాక బయట ఆడించవచ్చు.

వాస్తవం: మనిషికి ఒళ్ళంతా చెమట పడుతుంది. కుక్కకు ఆ చెమట ప్రధానంగా అరికాళ్ళ మెత్తల్లోనే పడుతుంది కాబట్టి, అది నాలుక చాచి వగర్చడం ద్వారానే ఒంటి వేడిని తగ్గించుకోవాలి. నోటిలోని తడి ఆవిరైతే తప్ప వగర్చినందువల్ల ప్రయోజనం ఉండదు. గాలిలో తేమ నిండి, చొక్కా వీపుకు అతుక్కుపోయే ఉక్కపోత రోజున ఆ తడి త్వరగా ఆరదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు చెప్పిన ఆ రోజులలో, పగలంతా కాలిన తారు రోడ్డు సాయంత్రం ఏడింటికి కూడా చల్లారదు. అరచేతి వెనుక వైపును రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్క పాదాలూ ఓర్చుకోలేవు. ఏప్రిల్, మే నెలలలో తెల్లవారుజామున అయిదింటికి ఒకసారి, రాత్రి బాగా పొద్దుపోయాక మరొకసారి మాత్రమే బయటకు తీసుకువెళ్ళాలి.

ఒక మే నెలలో నాలుగేళ్ళ ల్యాబ్రడార్‌ను సాయంత్రం పూట నది ఒడ్డున బంతితో ఆడించారు. బంతి విసిరినంతసేపూ పరుగెత్తడమే ఆ జాతి స్వభావం. అలసిపోయానని అది తనంతట తాను ఆగదు. కుప్పకూలాక ఆటోలో వేసుకుని బెంజి సర్కిల్ రద్దీని దాటి నా దగ్గరకు తెచ్చేసరికి ముప్పావు గంట గడిచింది. అప్పుడు దాని ఒంటి వేడి 108 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంది. రెండో రోజుకు మూత్రపిండాలు పనిచేయడం మానేసి, రక్తం గడ్డకట్టే శక్తి కూడా పోయి ఆ కుక్క చనిపోయింది. ఆ ముప్పావు గంటలో ఎవరైనా దాని మీద నీళ్ళు పోసి ఉంటే అది బతికే అవకాశం ఉండేదన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకే ఈ విషయంలో వరుస మారకూడదని అందరికీ చెబుతాను: ముందు చల్లబరచాలి, తరువాతే ఆసుపత్రికి బయలుదేరాలి. నీడలోకి చేర్చి, ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట కిందా తొడల మధ్యా నీళ్ళు పోస్తూ ఫ్యానుగాలి తగిలేలా చూడాలి. మన మేడల మీది ట్యాంకు నీళ్ళు మే నెలలో సలసల కాగుతుంటాయి కాబట్టి కుళాయి తిప్పగానే పోయకుండా చేత్తో వేడి చూసుకోవాలి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే అదే దుప్పటిలా వేడిని లోపల పట్టి ఉంచుతుంది. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్ళు పోయకూడదు, అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. లేచి తిరిగినా సరే ఆసుపత్రికి తీసుకురావాలి, ఎందుకంటే లోపలి అవయవాల దెబ్బ ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంది.

వేసవి వచ్చిందని గోల్డెన్ రిట్రీవర్‌కు గుండు చేయించేవారూ ఉన్నారు. దాని పై బొచ్చు చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. తీయవలసింది ఊడివచ్చే లోపలి నూగును మాత్రమే, అదీ దువ్వెనతో.

అపోహ: ఒళ్ళు వేడిగా, ముక్కు పొడిగా ఉంటే జ్వరం, అర మాత్ర పారాసిటమాల్ వేస్తే తగ్గుతుంది.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. అంటే మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. నిద్ర లేచిన కుక్కకైనా ముక్కు పొడిగానే ఉంటుంది. పారాసిటమాల్ కుక్క కాలేయాన్నీ ఎర్ర రక్తకణాలనూ దెబ్బతీయగలదు. ఇబుప్రొఫెన్ కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తుంది. పెద్ద కుక్క కదా, మనిషికిచ్చే మోతాదు సరిపోతుందన్న లెక్క ఇక్కడ అత్యంత ప్రమాదకరమైనది.

అపోహ: పెద్ద జాతి పిల్లకు రోజూ కాల్షియం సిరప్ పడితేనే కాళ్ళు నిలబడతాయి.

వాస్తవం: మూడు నెలల రాట్‌వీలర్ పిల్లతో పాటు పెద్ద సీసా కాల్షియం కూడా కొనేవారి చేతికి చేరుతోంది. అయిదారు నెలల లోపు పిల్లలకు పేగులు ఎంత కాల్షియం పీల్చుకోవాలో అదుపు చేసుకునే శక్తి సరిగా ఉండదు. లోపలికి వెళ్ళినదానిలో చాలా భాగం రక్తంలో కలుస్తుంది. పెద్ద జాతి పిల్లల కోసం తయారైన మేతలో కాల్షియం, భాస్వరం తగిన పాళ్ళలో ముందే ఉంటాయి. దానిమీద సిరప్ పడితే ఎముకల ఎదుగుదల గతి తప్పి, కీళ్ళ లోపలి మృదులాస్థి పాడై, కాళ్ళు వంకరపోతాయి. వంకరపోయాయని మళ్ళీ ఇంకాస్త సిరప్ పోయడం నేను చాలాసార్లు చూశాను.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా మన ఇళ్ళలో ఉంది. పెరుగన్నం మీదో, కోడిమాంసం కలిపిన అన్నం మీదో పెరిగే పిల్లకు కాల్షియం నిజంగానే చాలదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ లోటును పూడ్చడానికి శరీరం సొంత ఎముకలనే కరిగించుకుంటుంది. కాబట్టి కాల్షియం కావాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఆ పిల్ల ఏం తింటోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఇంటి వంటే పెడతామనుకునేవారు పాళ్ళు రాయించుకోవాలి. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుకు గుచ్చుకుంటాయి, ఉల్లి, వెల్లుల్లి రక్తహీనత తెస్తాయి, ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను చెరుపుతాయి. బిర్యానీ మిగిలిందని పెట్టేటప్పుడు దానిలో ఇవి చాలావరకు ఒకే చోట ఉంటాయన్న సంగతి గుర్తుండాలి.

ఎముకల గురించి మాట్లాడుతున్నాం కనుక ఇళ్ళలోని నేల గురించి కూడా చెప్పాలి. నున్నటి టైల్స్, గ్రానైట్ మీద పరుగెత్తే పిల్లకు వెనుక కాళ్ళు ప్రతి మలుపులోనూ జారుతుంటాయి. తుంటి కీలు వదులుగా ఉండే జబ్బు వంశపారంపర్యంగానే వస్తుంది, కానీ అధిక బరువూ జారుడు నేలా దాన్ని ముదరబెడతాయి. పిల్ల తిరిగే దారిలో పాత చాపలో, రబ్బరు పరుపులో వేస్తే చాలు. బొద్దుగా ఉందని మురిసిపోకుండా, పక్కటెముకలు చేతికి తగిలే ఒంటితోనే పెంచాలి.

అపోహ: కుక్క మన మీద పెత్తనం చేయాలని చూస్తుంది, ఒకసారి గట్టిగా దెబ్బ పడితే దారికొస్తుంది.

వాస్తవం: ఈ ఆలోచనకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే స్విస్ పరిశోధకుడు బంధించి ఉంచిన తోడేళ్ళ మీద చేసిన పరిశీలన. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళను ఒకే ఆవరణలో పెడితే అవి పెత్తనం కోసం కొట్లాడుకున్నాయి. ఆ భావనను 1970లో విస్తృతంగా ప్రచారం చేసిన అమెరికన్ శాస్త్రవేత్త డేవిడ్ మీచ్, అడవిలో ఏళ్ళ తరబడి తోడేళ్ళను చూసిన తరువాత 1999లో తానే దాన్ని సవరించారు: అడవిలోని తోడేళ్ళ గుంపు సాధారణంగా తల్లి, తండ్రి, పిల్లలు ఉన్న ఒక కుటుంబం మాత్రమే. తోడేళ్ళ విషయంలోనే నిలబడని వాదనను ఇంటి కుక్కకు అంటగట్టి దాన్ని కొట్టడం అన్యాయం.

మీద పడి దూకే కుక్క మీతో పోటీ పడడం లేదు, మీ ముఖాన్ని అందుకోవాలని చూస్తోంది. మీరు చేతులతో నెట్టినా, "వద్దు వద్దు" అని అరిచినా దానికి దక్కవలసిన పలకరింపు దక్కినట్లే. దూకిన క్షణంలో మౌనంగా అటు తిరిగిపోయి, నాలుగు కాళ్ళూ నేల మీద ఆనిన మరుక్షణమే నిమిరి, చిన్న ముక్క తినిపించాలి. ఇంట్లో తాతగారు ఒక రకంగా, పిల్లలు మరొక రకంగా స్పందిస్తే కుక్కకు ఏదీ అర్థం కాదు, కనుక అందరూ ఒకే పద్ధతి పాటించాలి. మొదటి వారంలో దూకుడు కొంచెం పెరిగినట్లు కనిపిస్తుంది; అప్పుడే చాలామంది విడిచిపెడతారు, ఆ దశ దాటితే ఫలితం కనిపిస్తుంది. మూడు నుంచి పధ్నాలుగు వారాల వయసులో రకరకాల మనుషులనూ, శబ్దాలనూ, గొడుగులనూ, స్కూటర్లనూ భయం లేకుండా పరిచయం చేయడం అన్నిటికన్నా విలువైన శిక్షణ. మొక్కై వంగనిది మానై వంగునా అని నిరాశపడేవారికి మాత్రం నా అనుభవంలో ఆ సామెత కుక్కకు వర్తించదని చెబుతాను: ఆరేళ్ళ కుక్క కూడా నేర్చుకుంటుంది, కొంచెం ఎక్కువ రోజులు పడుతుంది.

గుర్రుమన్నందుకు మాత్రం ఎప్పుడూ శిక్షించకండి. గుర్రుమనడం కుక్క మనకిచ్చే హెచ్చరిక. ఆ హెచ్చరికను దెబ్బలతో మాన్పించిన కుక్క తరువాత ఏ సూచనా లేకుండా కరుస్తుంది.

పగలంతా గొలుసుకు కట్టి ఉంచితే కాపలాకు పౌరుషం వస్తుందన్న నమ్మకం గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పల్లెలలో ఇప్పటికీ బలంగా ఉంది. వచ్చేది పౌరుషం కాదు, భయం. పారిపోయే దారి లేని జంతువు ఇంటి బిడ్డ దగ్గరకు వచ్చినా కరవవచ్చు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మరీ పొట్టి గొలుసుతో మితిమీరిన సమయం కట్టి ఉంచడమే కాదు, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం కూడా నేరమే.

అపోహ: గోమార్లు (పిడుదులు) పడితే ఏరేసి, కిరోసిన్ రాస్తే సరిపోతుంది.

వాస్తవం: కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, నాకితే లోపలికీ పోతుంది. పిడుదు తన జీవితంలో ఎక్కువ కాలం కుక్క ఒంటి మీద ఉండదు. గోడ పగుళ్ళలో, గుమ్మాల సందులలో వేల గుడ్లు పెడుతుంది. వైద్యుడు సూచించిన మందును కుక్కకు వాడుతూనే ఆ పగుళ్ళను పూడ్చాలి. తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం కారడం కనిపిస్తే ఎర్లీషియా లేదా బబీసియా అనే గోమారి జ్వరం కావచ్చు, ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పటి వంటి నీటిలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వ్యాపిస్తుంది. అది మనుషులకూ సోకుతుంది కనుక ఏడాదికోసారి ఆ టీకా కూడా తప్పనిసరి.

అపోహ: ఇల్లు దాటని కుక్కకు రేబిస్ టీకా అక్కరలేదు, గోరు గీరుకుంటే ఏమీ కాదు.

వాస్తవం: వీధి కుక్క గానీ, పిల్లి గానీ గేటు సందులోంచి కరిచినా చాలు. పిల్లకు మూడు నెలలకు మొదటి టీకా, తరువాత వైద్యుడు చెప్పినప్పుడు బూస్టర్, ఆపై ఏటా ఒకటి వేయించాలి. జూలై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలలలో ఉచితంగా వేస్తారు. మనిషిని ఏ కుక్క కరిచినా, గోటితో గీరినా, పుండు మీద నాకినా, పసుపు, కారం, సున్నం అద్దకుండా సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పధ్నాలుగు సూదుల రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో 0, 3, 7, 28 రోజులలో చేతికి వేస్తారు. గాయం నుంచి రక్తం వచ్చి ఉంటే వెంటనే రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా గాయం చుట్టూ ఇవ్వాలి. లక్షణాలు మొదలయ్యాక ఈ జబ్బుకు దాదాపుగా చికిత్స లేదు.

ఆడ కుక్క ఒక్కసారైనా ఈనాలన్నది ఆధారం లేని మాట. ఎదకు వచ్చి వెళ్ళిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదకు వచ్చే కుక్కలను నేను ఏటా చూస్తున్నాను. పెద్ద జాతులలో ఎదుగుదల పూర్తయ్యాక పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించడం మంచిది.

అపోహ: మా కుక్క ఎవరినీ ఏమీ అనదు, పట్టీ ఎందుకు?

వాస్తవం: కరవకపోయినా ముప్పై అయిదు కిలోల కుక్క సంతోషంతో మీద పడితే డెబ్బై ఏళ్ళ పెద్దావిడకు తుంటి ఎముక విరుగుతుంది. కుక్క వల్ల ఇతరులకు ప్రమాదం కలిగేలా అజాగ్రత్తగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అపార్ట్‌మెంటులో లిఫ్టు తలుపు తెరుచుకునే ముందు కుక్కను కూర్చోబెట్టి, పట్టీని పొట్టిగా పట్టుకోవాలి. లోపల చిన్నపిల్లలో, కుక్కంటే భయపడేవారో ఉంటే వారిని పోనిచ్చి తరువాతి లిఫ్టులో వెళ్ళాలి. కొత్తవారిని చూసి బెదిరే కుక్కకు మూతికి వగర్చడానికి వీలైనంత వదులుగా ఉండే చిక్కాన్ని ఇంట్లోనే మెల్లగా అలవాటు చేయాలి. నడకకు బయలుదేరేటప్పుడు చేతిలో నీళ్ళ సీసాతో పాటు మలం ఎత్తడానికి రెండు సంచులు ఉండాలి.