కొల్లేరు బాతుల పుట్టిల్లు

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో చెట్ల నిండా గూళ్లు కట్టుకునే గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ చూసి వచ్చినవారు వాటిని సైబీరియా పక్షులని చెప్పుకోవడం మామూలే. అయితే గూడు కట్టి పిల్లలను సాకే చోటే పక్షికి సొంత ఊరనుకుంటే, ఆ రెండూ మన పక్షులే. ఉత్తరాది నుంచి నిజంగా వచ్చేవి ఇక్కడ గూడు కట్టవు. చలికాలంలో కొల్లేటి లోతులేని నీళ్లలో వాలే సూదితోక బాతులు, వరి కోసిన మాగాణుల్లో మినుము చేల మీద తక్కువ ఎత్తున తేలుతూ పోయే పిల్లిగద్దలు అటువంటివి. వాటి ముఖ్యమైన పుట్టిళ్లలో ఒకటి మధ్య ఆసియాలోని స్టెప్పీ పచ్చిక మైదానం. ఇక్కడి పక్షులను ఏళ్లుగా చూస్తున్నవారు వీలైతే ఒక్కసారైనా అక్కడికి వెళ్లి రావాలని నా కోరిక.

కజకిస్తాన్ రాజధాని అస్తానాకు నైరుతిగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొర్గల్జిన్ రక్షిత ప్రాంతాన్ని యునెస్కో 2008లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. విజయవాడ నుంచి నేరుగా కొలిస్తే అది దాదాపు 4,000 కిలోమీటర్లు. అంత దూరం పక్షి ఎందుకు ఎగిరిపోతుందో అక్కడి నేలను చూస్తే అర్థమవుతుంది. చదునైన ఆ మైదానంలో కరిగిన మంచు సముద్రానికి పోయే దారి లేక పల్లాల్లో నిలిచి వేలాది మడుగులవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ నీటిలో పురుగులు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. జూన్‌లో పగలు 16 గంటలకు పైగా ఉంటుంది కాబట్టి పిల్లలకు మేత పెట్టడానికి తల్లిదండ్రులకు మన దగ్గరకంటే ఎక్కువ సమయం దొరుకుతుంది. శీతకాలం వచ్చేసరికి నీరంతా గడ్డకట్టి, మేత అందక, దక్షిణానికి రాక తప్పదు. పక్కనే ఉన్న తెంగిజ్ ఉప్పునీటి సరస్సులో ఫ్లెమింగోలు గుడ్లు పెడతాయి. ప్రపంచంలో అవి సహజంగా గూళ్లు కట్టే చోట్లలో బాగా ఉత్తరాన ఉన్నవాటిలో ఇది ఒకటి.

పచ్చికా నీరూ అక్కడ విడివిడిగా ఉండవు. పిల్లిగద్ద నేలమీదే, గడ్డి పొదల మధ్యో రెల్లులోనో గూడు పెట్టి చుట్టూ ఉన్న మైదానంలో ఎలుకలను వేటాడుతుంది. మన దేశంలో చలికాలం గడిపే పిల్లిగద్దలకు ఉపగ్రహ పరికరాలు అమర్చి గమనించినప్పుడు అవి కజకిస్తాన్ స్టెప్పీకి చేరడం కనిపించింది. ఇక్కడ వాటి ఆహారంలో మిడతలకు పెద్ద వాటా ఉంటుంది కనుక అవి రైతుకు మేలు చేసే పక్షులని మన పల్లెల్లో గట్టిగా చెప్పాలి.

స్టెప్పీకి వెళ్లేవారు మే నెలను ఎంచుకోవడం మంచిది. ఎండ ఎక్కితే నేలమీద గాలి రెపరెపలాడి దుర్భిణిలో దూరపు పక్షి ఆనవాలు చెదిరిపోతుంది కనుక తెల్లవారే బయలుదేరాలి. చెట్టూ చేమా లేని ఆ చోట వాహనమే చాటు. దిగి నడిస్తే పక్షులు లేచిపోవడమే కాక, నేలమీది గూళ్లు కాలికింద నలిగే ప్రమాదం ఉంది.

కొల్లేటిలో ఇవే పక్షులను చూడాలంటే చేపల చెరువుల గట్లకంటే సహజంగా పలచబడిన నీటి అంచులు మేలు. సూదితోక బాతు మునిగి ఈదే పక్షి కాదు. తల కిందికి, తోక పైకి పెట్టి మెడ అందినంత లోతులోనే గింజలనూ దుంపలనూ తింటుంది. మనిషి నిలువు లోతున తవ్విన చేపల చెరువులో దానికి అడుగు అందదు. 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన ఈ సరస్సులో 2006లో చేపల చెరువుల గట్లు తొలగించిన పనిని ఎవరు ఎలా చూసినా, బాతుకు మాత్రం ఆ లోతు తగ్గడమే ముఖ్యం.