గుండె కండరం: అపోహలు - వాస్తవాలు

మెదడు మరణించిందని వైద్యులు చెప్పాక కూడా కుటుంబసభ్యులు మంచం పక్కనున్న మానిటర్ తెరను చూపిస్తారు. "గుండె కొట్టుకుంటోంది కదా డాక్టరుగారూ, ప్రాణం ఉన్నట్టే కదా?" అలా అడగడంలో వారి తప్పేమీ లేదు. గుండె కండరం ఎలా పనిచేస్తుందో మేమే సరిగా చెప్పలేదు. శరీరధర్మశాస్త్రం బోధించేవాడిగా ముందు ఆ మాటే తీసుకుంటాను.

అపోహ: మెదడు ఆజ్ఞ ఇస్తేనే గుండె కొట్టుకుంటుంది.

వాస్తవం: కుడి కర్ణిక పైభాగంలో సైనో ఏట్రియల్ కణుపు ఉంటుంది. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ దీన్ని 1907లో వర్ణించారు. ఇందులోని కణాలు ఎవరూ చెప్పకుండానే విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తాయి. నాడులు ఆ వేగాన్ని పెంచడం, తగ్గించడం మాత్రమే చేస్తాయి. మార్పిడి చేసిన గుండెకు నాడులన్నీ తెగిపోయి ఉంటాయి. అయినా అది కొట్టుకుంటుంది, పైగా కాస్త వేగంగానే, ఎందుకంటే నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు పోయింది. మెదడు మరణించిన మనిషిలోనూ వెంటిలేటర్ ప్రాణవాయువు అందిస్తున్నంతసేపు గుండె కొంతకాలం ఆడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా జరిగే అవయవదానాలకు ఆ వ్యవధే ఆధారం.

అపోహ: గుండె కూడా చేతి కండరం లాంటిదే, కాస్త బలం ఎక్కువ.

వాస్తవం: సూక్ష్మదర్శినిలో రెండింటికీ చారలుంటాయి, పోలిక దాదాపు అక్కడితో సరి. చేతి కండరంలోని తంతువులు పొడవుగా, కొమ్మలు లేకుండా, నాడి పిలిస్తేనే కదులుతాయి. గుండె కణాలు పొట్టివి, కొమ్మలు చాచి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అవి కలిసేచోట ఇంటర్‌కలేటెడ్ డిస్కులనే అడ్డుగీతలు కనిపిస్తాయి. వాటిలోని డెస్మోజోములు కణాలు విడిపోకుండా బిగించి ఉంచుతాయి, గ్యాప్ జంక్షన్లు విద్యుత్తును పక్క కణానికి దాటిస్తాయి. అందుకే కోట్ల కణాలు ఒకే కణంలా ముడుచుకుంటాయి. ఇంకో విశేషం: ఒకసారి ముడుచుకున్నాక దాదాపు పావు సెకను పాటు గుండె కణం మరో సంకేతానికి స్పందించదు. పిక్కలు పట్టేసినట్టు గుండె పట్టేయకపోవడానికి కారణం ఇదే. పాతికేళ్లుగా ఈ పాఠం చెబుతున్నా, ఇక్కడికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అపోహ: గుండెకు క్షణం విశ్రాంతి లేదు.

వాస్తవం: నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే ఒక్కో స్పందనకు సుమారు 0.8 సెకన్లు. అందులో జఠరికలు ముడుచుకునేది 0.3, సడలేది 0.5. ఎడమ జఠరిక గోడకు రక్తం ప్రధానంగా అందేది ఆ సడలింపులోనే.

అపోహ: లోపల నిండా రక్తమే ఉండగా గుండెకు రక్తం కొరత ఎందుకు?

వాస్తవం: గదుల్లోని రక్తం గోడ లోపలి పలుచని పొరకే అందుతుంది. మిగతా కండరమంతా బృహద్ధమని మొదట్లో పుట్టే కరోనరీ ధమనుల మీదే బతుకుతుంది. గుండె కణంలో దాదాపు మూడో వంతు, ప్రాణవాయువుతో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలే. తన దగ్గరకు వచ్చిన ప్రాణవాయువులో ఎక్కువ భాగాన్ని కండరం విశ్రాంతిలోనే వాడేసుకుంటుంది కాబట్టి దాచుకున్నదంటూ ఏమీ ఉండదు. ధమని పూర్తిగా మూసుకుపోతే అరగంటలోపే కణాలు చనిపోవడం మొదలవుతుంది. ఛాతీ నొప్పిని గ్యాస్ అనుకుని తెల్లవారేదాకా ఆగకండి, దయచేసి.

అపోహ: పోయిన కండరం మందులతో మళ్లీ పెరుగుతుంది.

వాస్తవం: స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో, అణుపరీక్షల వల్ల వాతావరణంలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఆధారంగా గుండె కణాల వయసు లెక్కగట్టారు. 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం, 75 ఏళ్లకు అర శాతం లోపు కణాలే కొత్తవి. గుండెపోటు చేసిన నష్టాన్ని పూడ్చడానికి అది చాలదు. చనిపోయిన చోట మచ్చ కడుతుంది. మచ్చ గోడను నిలబెడుతుంది గానీ ముడుచుకోలేదు. ఆ పని కూడా మిగిలిన కండరమే మోయాలి.