ఇంట్లో ఏముందో అడిగితే ఏం తెలుస్తుంది? గ్రామీణ సంపద కొలతపై అపోహలు - వాస్తవాలు

వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల్లో ఇంటింటి సర్వేలు చేయించడం నా వృత్తి. ప్రశ్నావళి తయారుచేయడం, ఇంటింటికీ వెళ్లి వివరాలు రాసుకొచ్చే ఎన్యూమరేటర్లకు శిక్షణ ఇవ్వడం, వచ్చిన వివరాలను సరిచూడడం అందులో భాగం. ఒక కుటుంబం స్థితిగతులు తెలుసుకోవడానికి మేం ఆదాయం కన్నా ఇల్లు, వసతులు, వస్తువులు, పశువుల గురించే ఎక్కువగా అడుగుతాం. ఈ పద్ధతిని తీసిపారేసేవారు ఉన్నారు. ఇది చెప్పిందే వేదమని నమ్మేవారూ ఉన్నారు. రెండు వైఖరుల వల్లా నష్టపోయేది పేద కుటుంబమే, ఎందుకంటే ఇలాంటి లెక్కలే రేపు అర్హుల జాబితాలుగా మారతాయి. తరచూ వినిపించే అపోహలు కొన్ని ఇక్కడ చెబుతాను.

అపోహ: నెలకు ఎంత సంపాదిస్తారని అడిగితే చాలు. ఈ చుట్టుతిరుగుడు ఎందుకు?

వాస్తవం: నెల జీతం వచ్చే ఇంట్లో ఆ ప్రశ్న చాలు. నర్సంపేట వైపు మిర్చి రైతును అదే ప్రశ్న అడిగితే ఆయన ఏం చెప్పాలి? వానాకాలంలో నాటిన తోట సంక్రాంతి దాటాక గానీ పూర్తిగా కోతకు రాదు. బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు చేరాక చేతికి ఒక తక్‌పట్టీ వస్తుంది. అందులో బరువు, ధర, హమాలీ, కమీషన్ ఉంటాయి. కానీ విత్తనాలకు, పురుగుమందులకు అడ్తిదారు (మార్కెట్‌లో కమీషన్ మీద పంట అమ్మిపెట్టే వ్యాపారి) దగ్గర ముందే తెచ్చిన అప్పు ఎంతో, వడ్డీ ఏ లెక్కన పట్టుకున్నారో తెలియాలంటే ఇంకో పుస్తకం చూడాలి. ఇంటిల్లిపాదీ చేసిన చాకిరికి ఏ ధర కట్టాలి? తిండికి ఉంచుకున్న వడ్లను ఆదాయం అనాలా? పక్కింటివాళ్ల చేనుకు బదులు కూలికి వెళ్లిన రోజులను ఎక్కడ రాయాలి? పైగా ఆ సంవత్సరం తామర పురుగు తోటను తినేసి ఉంటే, ఆ రైతు ఆదాయం సున్నా కన్నా కిందికి పోతుంది. అంతమాత్రాన స్లాబ్ ఇల్లు, రెండు గేదెలు, బోరుబావి ఉన్న ఆ కుటుంబం ఊళ్లో అందరికన్నా పేదది అయిపోదు.

ఇవన్నీ సరిగ్గా పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు, కానీ చాలా శ్రమ. ఆదాయం మాట అటుంచి ఖర్చు కొలవడానికే ఎంత పని పడుతుందో చూడండి. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వేలో తిండికి ఒకటి, నిత్యావసరాలకూ సేవలకూ ఒకటి, మన్నికైన వస్తువులకు ఒకటి చొప్పున ప్రశ్నావళులు విడగొట్టి, ఒక్కో ఇంటికి మూడు వేర్వేరు నెలల్లో వెళ్లారు. పిల్లల ఆరోగ్యం గురించో, బడి గురించో అడగడానికి వెళ్లిన సర్వేకు అంత సమయం ఎక్కడిది? అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆదాయాన్ని కొలిచే ప్రయత్నమే చేయదు. ఇంటి నేల, గోడలు, కప్పు, తాగునీరు, మరుగుదొడ్డి, వంట ఇంధనం, టీవీ, ఫ్రిజ్, సైకిల్, మోటారు సైకిల్ వంటివి నమోదు చేసి, వాటి నుంచి సంపద సూచీ తయారుచేస్తుంది.

ఇంకో కారణం భయం. తెలంగాణ పల్లెల్లో ఆహార భద్రత కార్డుకు పెట్టిన ఆదాయ పరిమితి ఏడాదికి 1.5 లక్షల రూపాయలు. చేతిలో కాగితాలతో ఎవరు వచ్చి అడిగినా, కార్డు ఉన్న ఇల్లు ఆ గీత దాటిన అంకె చెప్పదు. దాన్ని అబద్ధమని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. బియ్యం ఆగిపోతాయన్న భయంలో నిజం ఉంది. నేల మట్టిదో, బండలు పరిచిందో, టైల్స్ వేసిందో మాత్రం అరుగు మీద కూర్చుంటేనే కనిపిస్తుంది.

అపోహ: వస్తువుల ధరలన్నీ కూడితే సంపద తేలిపోతుంది.

వాస్తవం: ధరలు కూడే సర్వే ఒకటి ఉంది. అఖిల భారత రుణ, పెట్టుబడుల సర్వేలో భూమి, ఇల్లు, పశువులు, యంత్రాలు, బ్యాంకు నిల్వల విలువ కడతారు, అప్పులూ రాస్తారు. సంపద సూచీ పని వేరు. అందులో రూపాయల ప్రసక్తే లేదు. ప్రతి వస్తువుకూ ఒక వెయిటేజీ ఉంటుంది. ఆ వెయిటేజీని అధికారులు కూర్చుని నిర్ణయించరు, సర్వేలో వచ్చిన సమాచారమే నిర్ణయిస్తుంది. ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో స్లాబ్, గ్యాస్ పొయ్యి, మోటారు సైకిల్ కూడా కలిసి కనిపిస్తున్నాయనుకోండి, ఫ్రిజ్‌కు ఎక్కువ వెయిటేజీ వస్తుంది. మట్టి నేల, కట్టెల పొయ్యి వంటివి ఆ వస్తువులేవీ లేని ఇళ్లలోనే కనిపిస్తాయి కాబట్టి వాటికి మైనస్ పడుతుంది. ఇలా ఏవి దేనితో కలిసి తిరుగుతున్నాయో పట్టుకునే గణిత పద్ధతి పేరు ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్. డియోన్ ఫిల్మర్, లాంట్ ప్రిచెట్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలో 1992-93లో జరిగిన మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే సమాచారంతోనే ఈ పద్ధతిని పరీక్షించి, 2001లో ఫలితాలు ప్రచురించారు. ఆస్తుల సూచీలో పై 20 శాతం ఇళ్లలోని పిల్లలు బడిలో ఉండే అవకాశం, అడుగున ఉన్న 40 శాతం ఇళ్ల పిల్లలకన్నా దేశం మొత్తం మీద సగటున 31 శాతం పాయింట్లు ఎక్కువని వారు తేల్చారు. ఒక్క రూపాయి లెక్క అడగకుండానే ఇంత తేడా బయటపడడం వల్లే ఈ పద్ధతి అనేక దేశాలకు పాకింది.

అపోహ: ఫోను, టీవీ, గ్యాస్ ఉన్నాయంటే ఆ ఇల్లు పేదది కాదు.

వాస్తవం: అందరి దగ్గరా ఉన్న వస్తువు ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు. 2016లో ఉజ్వల పథకం మొదలయ్యాక గ్యాస్ కనెక్షన్, మిషన్ భగీరథ తర్వాత నల్లా, స్వచ్ఛ భారత్ తర్వాత మరుగుదొడ్డి మా ప్రాంతంలో ఈ కోవలోకే చేరాయి. ఇవి ప్రభుత్వం ఇచ్చిన వసతులు. ఆ కుటుంబం కూడబెట్టినదాన్ని ఇవి చెప్పవు. 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో ల్యాండ్‌లైన్ ఫోను ఉన్న ఇంటిని నేరుగా పేదల జాబితా నుంచి తప్పించారు. ఫ్రిజ్‌కూ, మోటారు బండికీ అదే నియమం. పదేళ్లు తిరిగేసరికి అవే ప్రశ్నలకు అర్థం మారిపోయింది. జాబితాను ఎప్పటికప్పుడు సవరించకపోతే, కూలి పనికి పదిహేను కిలోమీటర్లు వెళ్లడానికి పాత బండి కొనుక్కున్నవాడు ధనవంతుడిగా తేలతాడు.

ఇక్కడే శిక్షణలో నేను పట్టుబట్టి చెప్పే మాట ఒకటి ఉంది. 'ఫ్రిజ్ ఉందా?' అని అడిగి టిక్కు పెట్టి లేవకూడదు. పనిచేస్తోందా, ఎవరు కొన్నారు అని కూడా అడగాలి. కంప్రెసర్ పోయాక ఫ్రిజ్‌ను పిల్లల పుస్తకాలకు, ఆసుపత్రి చీటీలకు బీరువాగా వాడుకునే ఇళ్లు మా గ్రామాల్లో సాధారణం. ఇక ఎవరు కొన్నారన్న ప్రశ్నకు చాలా చోట్ల వచ్చే జవాబు: 'పెళ్లిలో పెట్టారు.' ఫ్రిజ్, కూలర్, బీరువా, మంచం, ఒక్కోసారి బండి కూడా అమ్మాయి పుట్టింటివారు అప్పు చేసి ఇచ్చినవే. సూచీ అత్తింటికి మార్కులు వేస్తుంది. పొలం కుదువపెట్టిన పుట్టిల్లు మరో ఊళ్లో ఉంటుంది, దాని కష్టం ఈ కాగితం మీదికి రాదు. కట్నాన్ని సంపదగా రాసుకుంటున్నామన్న సంగతి నివేదిక చదివేవారికి తెలియాలి.

అపోహ: భూమి ఎంతో తెలిస్తే మిగతా ప్రశ్నలన్నీ వృథా.

వాస్తవం: ఎకరాల సంఖ్య ఒక్కటే ఏమీ చెప్పదు. కాకతీయ కాలువ కింద రెండు కార్లు వరి పండే రెండెకరాలూ, ఏటూరునాగారం అడవి అంచున వాన మీద ఆధారపడిన ఐదెకరాలూ ఒకటి కావు. హనుమకొండ శివారులో ప్లాట్ల మధ్య మిగిలిపోయిన అర ఎకరం ఆ రెండింటికన్నా విలువైంది కావచ్చు. అందుకే సాగునీరు ఉందా, మోటారు సొంతమా, పక్కవాళ్ల బోరు నుంచి పెట్టుకుంటున్నారా అని విడివిడిగా అడగాలి.

కౌలు సంగతి ఇంకా చిక్కు. పాస్‌బుక్ ఒకరి పేరిట ఉంటుంది, పత్తి వేసేది మరొకరు. 2018లో మొదలైన రైతుబంధు సాయం ఎకరాల లెక్కన పట్టాదారుకే అందింది. పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటే మా సర్వేలోకే రాడు. దున్నేవాడికి 'సొంత భూమి లేదు' అన్న జవాబే మిగులుతుంది. ఆయన ఇంట్లో స్ప్రేయర్, ఎడ్ల జత, ఎరువుల బస్తాలు చూసినవారికి అది రైతు ఇల్లని తెలుస్తుంది. ప్రశ్నావళిలో సాగుచేసే భూమికీ, సొంత భూమికీ వేర్వేరు గడులు లేకపోతే ఆ ఇల్లు భూమిలేని కూలీల కిందికి చేరిపోతుంది.

అపోహ: ట్రాక్టర్ ఉన్న ఇల్లు కలిగిన ఇల్లు.

వాస్తవం: ట్రాక్టర్ ఎవరిదని అడిగితే 'మాదే' అంటారు. కిస్తీలు ఎన్ని మిగిలాయని అడిగితేనే అది ఇంకా ఫైనాన్స్ కంపెనీదని అర్థమవుతుంది. సంపద సూచీకి అప్పు కనిపించదు. నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న అతిపెద్ద లోపం ఇదే. రాష్ట్రంలో రైతు కుటుంబాల మెడకు చుట్టుకున్నది అప్పే అయినప్పుడు, అప్పు కనిపించని కొలత ఒక్కదాన్నే పట్టుకుని ఏ కుటుంబాన్నీ ఏ పథకం నుంచీ తీసేయకూడదు. మేం వీలైన ప్రతిచోటా రెండు ప్రశ్నలు కలుపుతాం: బంగారం ఎక్కడైనా కుదువలో ఉందా? పంట చేతికి రాకముందే అడ్తికి ఒప్పుకున్నారా? సూచీ లెక్కలో వీటిని కలపం. పక్కన విడిగా చూపిస్తాం.

అపోహ: కరువు వస్తే సూచీ పడిపోతుంది, మంచి పంట వస్తే పెరుగుతుంది.

వాస్తవం: అంత త్వరగా కదిలే కొలత కాదిది. ఒక పంట పోయినంత మాత్రాన ఎవరూ స్లాబ్ కూల్చరు, టైల్స్ తీసి అమ్మరు. ముందు పుస్తెలతాడు కుదువకు వెళ్తుంది, తర్వాత మేకలు, దూడలు సంతకు వెళ్తాయి, ఆ తర్వాతే బండి. ఏళ్ల తరబడి పోగైన స్థితిని చెప్పడంలోనే దీని బలం ఉంది. నిరుటికీ ఇప్పటికీ ఏం మారిందో తెలుసుకోవాలంటే తిండి, పశువుల అమ్మకం, కుదువలు, వలస గురించి అడగాలి.

దీనికి తోడు మరో పొరపాటు వార్తల్లో కనిపిస్తుంటుంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో జనాభాను సంపద సూచీలో వారి ఇంటికి వచ్చిన స్కోరు ప్రకారం వరుసలో నిలబెట్టి ఐదు సమాన భాగాలు చేస్తారు. దేశం మొత్తం మీద అట్టడుగు వర్గం ఎప్పుడూ 20 శాతమే. కాబట్టి ఈ వర్గాలను చూసి 'దేశంలో పేదరికం తగ్గింది, పెరిగింది' అనడం కుదరదు. ఒక రాష్ట్రంలోనో జిల్లాలోనో ఎంత మంది ఆ అట్టడుగు వర్గంలో ఉన్నారని పోల్చవచ్చు.

అపోహ: ఒకే జాబితా అన్ని ఊళ్లకూ సరిపోతుంది.

వాస్తవం: సిరిసిల్లలో మరమగ్గం సంపద. జగిత్యాల వైపు గల్ఫ్ నుంచి వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టి, తాళం వేసి ఉంచిన కుటుంబాలు ఉంటాయి. ఆదిలాబాద్ గోండు గూడెంలో ఎడ్లు, బండి, ఇప్ప చెట్ల మీద హక్కు ఎంత విలువైనవో జాతీయ జాబితా రాసినవారికి తట్టకపోవచ్చు. మొదట్లో ఈ సూచీలు పట్టణ వస్తువుల వైపు మొగ్గాయన్న విమర్శ వచ్చాకే గ్రామాలకు, పట్టణాలకు వేర్వేరుగా స్కోరు కట్టి తర్వాత కలిపే పద్ధతి వచ్చింది. జిల్లా స్థాయిలో పనిచేసేవారు ఇంకో అడుగు వేయాలి. ప్రశ్నావళి ఖరారు చేసే ముందు ఊరివాళ్లను కూర్చోబెట్టి, 'మీ ఊళ్లో కలిగినవాళ్ల ఇంట్లో మాత్రమే ఉండేది ఏమిటి? అసలేమీ లేని ఇంట్లో కూడా ఉండేది ఏమిటి?' అని అడగాలి. జాబితాలో ఉండాల్సినవీ, తీసేయాల్సినవీ ఆ రెండు జవాబుల్లోనే దొరుకుతాయి.

అపోహ: ఇంటి యజమానిని అడిగితే అన్నీ తెలుస్తాయి.

వాస్తవం: భూమి, బోరు, ట్రాక్టర్ సంగతి మగవారు చెబుతారు. బంగారం కుదువలో ఉందా, మహిళా సంఘంలో ఎంత పొదుపు ఉంది, ఎంత అప్పు తీసుకున్నారు, పాలు పోసే గేదె ఎవరిది, కోళ్లెన్ని అన్నవి ఆడవారికే కచ్చితంగా తెలుస్తాయి. భర్త ఎదుట కొన్ని చెప్పరు కూడా. అందుకే మేం ఉదయం పొలానికి వెళ్లకముందు ఒకరితో, సాయంత్రం మరొకరితో మాట్లాడేలా ఏర్పాటు చేసుకుంటాం. రెండు జవాబులూ కలవకపోతే ఏదో ఒకటి కొట్టేయకుండా రెండూ రాసుకుని రమ్మని ఎన్యూమరేటర్లకు చెబుతాను.