రాడ్జర్స్ పనైపోయిందా? చికాగో అభిమానుల వాదన వెనుక ముప్పై ఏళ్ల కథ

2022 డిసెంబర్ 4న చికాగోలోని సోల్జర్ ఫీల్డ్ మైదానంలో నాలుగు క్వార్టర్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మూడు ముగిసేసరికి చికాగో బేర్స్ 19-10తో ఆధిక్యంలో ఉంది. ఎదుటి జట్టు గ్రీన్ బే ప్యాకర్స్‌ను నడిపిస్తున్న క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్‌కు రెండు రోజుల క్రితమే 39 ఏళ్లు నిండాయి. అతను అక్టోబర్‌లో విరిగిన బొటనవేలితోనూ, అంతకు ముందు వారం ఫిలడెల్ఫియాలో దెబ్బతిన్న పక్కటెముకలతోనూ ఆడుతున్నాడు. ఆఖరి క్వార్టర్‌లో ప్యాకర్స్ వరుసగా 18 పాయింట్లు సాధించి 28-19తో గెలిచింది. ఆ గెలుపుతో, అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అత్యధిక విజయాలు సాధించిన జట్టుగా చిరకాలం బేర్స్ పేరిట ఉన్న గౌరవం కూడా ప్యాకర్స్ చేతికి వెళ్లింది. అయినా ఆ శీతాకాలమంతా చికాగో అభిమానులు చర్చించుకున్నది ఓటమి గురించి కాదు, రాడ్జర్స్ పని అయిపోయిందా లేదా అన్న విషయం గురించి.

ఆ చర్చకు ఆధారం లేకపోలేదు. ఆ సీజన్‌లో రాడ్జర్స్ 12 ఇంటర్‌సెప్షన్లు సమర్పించుకున్నాడు. 2008 తర్వాత అతనికి అదే అత్యధికం. అంతకు ముందు రెండేళ్లూ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైన వ్యక్తి సగటు స్థాయికి దిగివచ్చాడని అంకెలు చెబుతున్నాయి. కానీ చికాగోలో ఈ ప్రశ్న పుట్టింది 2022లో కాదు. ఇదే మాట అంతకు ముందు కనీసం రెండుసార్లు గట్టిగా వినిపించింది. అంతకన్నా ముందు ఇదే జట్టుకు చెందిన మరో క్వార్టర్‌బ్యాక్ గురించి కూడా వినిపించింది. పాత జోస్యాలు ఎందుకు తప్పాయో చూడకుండా 2022 నాటి వాదనను అంచనా వేయడం కుదరదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌తో అంతగా పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట. దాడి చేసే జట్టులో దాదాపు ప్రతి ఎత్తుగడలోనూ బంతి మొదట అందేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. దాన్ని ఎవరికి విసరాలి, ఎప్పుడు విసరాలి, లేక పరుగెత్తే ఆటగాడికి అందించాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. అతను విసిరిన బంతిని ప్రత్యర్థి పట్టుకుంటే అది ఇంటర్‌సెప్షన్. జట్టు గెలిస్తే కీర్తీ, ఓడితే నిందా ఎక్కువగా అతనికే దక్కుతాయి. అతను సమయానికి విసరగలగాలంటే ముందు వరుసలోని ఐదుగురు అతన్ని కాపాడాలి, పాస్‌లు అందుకునే రిసీవర్లు తమను కాపు కాసేవారిని తప్పించుకొని ఖాళీ చేసుకోవాలి. అయినా ఆ శ్రమ అతని పేరు వెనుక మరుగున పడిపోతుంది. ఈ వాదన పదే పదే దారి తప్పడానికి నా దృష్టిలో ప్రధాన కారణం ఇదే.

చికాగో, గ్రీన్ బే జట్లు తొలిసారి తలపడింది 1921 నవంబర్‌లో. అప్పటికి బేర్స్ పేరు స్టేలీస్. ఆ మ్యాచ్‌ను 20-0తో గెలిచింది. తరువాత దశాబ్దాల పాటు ముఖాముఖి పోరులో చికాగోదే పైచేయి. 1992లో బ్రెట్ ఫార్వ్ గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ అయ్యాక పరిస్థితి తలకిందులైంది. 1994 నుంచి 1998 వరకు ప్యాకర్స్ వరుసగా పదిసార్లు బేర్స్‌ను ఓడించింది. ఒక తరం చికాగో పిల్లలు ఏటా రెండుసార్లు ఫార్వ్ చేతిలో ఓటమిని చూస్తూ పెరిగారు.

అందుకే 2005లో ఫార్వ్ 29 ఇంటర్‌సెప్షన్లు సమర్పించుకొని, జట్టు 4-12తో (4 గెలుపులు, 12 ఓటములు) సీజన్ ముగించినప్పుడు, ఆ ఏడాది రెండు మ్యాచ్‌లూ గెలిచిన చికాగో అభిమానులు ఇక అతని కథ ముగిసిందని ఘంటాపథంగా చెప్పారు. ప్యాకర్స్ యాజమాన్యం కూడా ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) 24వ ఎంపికగా రాడ్జర్స్‌ను తీసుకుంది. కానీ 2007లో అదే ఫార్వ్ 28 టచ్‌డౌన్ పాస్‌లతో (టచ్‌డౌన్ అంటే బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి ఆరు పాయింట్లు సాధించడం) జట్టును 13-3కు చేర్చాడు. ఆ సీజన్‌లో ప్యాకర్స్ ఓడిన మూడు మ్యాచ్‌లలో రెండు బేర్స్‌తో ఆడినవే. ఇది గుర్తుంచుకోవలసిన వివరం: ఫార్వ్‌ను ఆ రెండు రోజులే శ్రద్ధగా చూసిన చికాగో అభిమానికి అతను ముసలివాడైపోయినట్టే కనిపించి ఉంటాడు, మిగతా పద్నాలుగు వారాలు చూసినవారికి అతను ఆ ఏడాది ఉత్తమ క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడు.

2009లో ఫార్వ్ మిన్నెసోటా వైకింగ్స్‌కు మారి, నలభయ్యేళ్ల వయసులో 33 టచ్‌డౌన్లు, కేవలం 7 ఇంటర్‌సెప్షన్లతో ఆడాడు. మరుసటి ఏడాదే అది 11 టచ్‌డౌన్లు, 19 ఇంటర్‌సెప్షన్లుగా పడిపోయింది. 2010 డిసెంబర్ 20న మిన్నియాపాలిస్‌లో బేర్స్ ఆటగాడు కోరీ వూటన్ అతన్ని గడ్డకట్టిన నేల మీద పడగొట్టాడు. తలకు దెబ్బ తగిలిన ఫార్వ్ మళ్లీ మ్యాచ్ ఆడలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన పతనం చివరికి ఒక్క సీజన్‌లో వచ్చింది, అదీ అతని అత్యుత్తమ సీజన్లలో ఒకదాని తర్వాత.

అప్పటికే రాడ్జర్స్ యుగం మొదలైంది. ఫార్వ్ ఆఖరి మ్యాచ్ జరిగిన అయిదు వారాలకు, 2011 జనవరి 23న, సోల్జర్ ఫీల్డ్‌లోనే జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్‌లో ప్యాకర్స్ బేర్స్‌ను 21-14తో ఓడించి, రెండు వారాల తర్వాత లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ కూడా గెలిచింది. 2013 నవంబర్‌లో బేర్స్ ఆటగాడు షే మెక్లెలిన్ పడగొట్టడంతో రాడ్జర్స్ కాలర్ ఎముక విరిగింది. అతను తిరిగి వచ్చింది సీజన్ ఆఖరి రోజున, చికాగోలోనే. గెలిచినవారికే డివిజన్ (లీగ్‌లో వాళ్ల నాలుగు జట్ల విభాగం) టైటిల్ దక్కే ఆ మ్యాచ్‌లో ఇక నిమిషం కూడా లేదనగా, నాలుగోదీ ఆఖరిదీ అయిన ప్రయత్నంలో రిసీవర్ ర్యాండల్ కాబ్‌కు 48 గజాల టచ్‌డౌన్ విసిరి 33-28తో గెలిపించాడు. మరుసటి ఏడాది ఒక్క అర్ధభాగంలోనే బేర్స్‌పై ఆరు టచ్‌డౌన్లు విసిరాడు. ఆ మ్యాచ్ 55-14తో ముగిసింది. ఈ గాయాలన్నీ తగిలిన అభిమానులు అతని పతనం కోసం ఎదురుచూడటంలో ఆశ్చర్యం లేదు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ఎదురుచూపే వారి కొలతను ప్రభావితం చేసిందన్నది మాత్రం నిజం.

మొదటి జోస్యం 2015లో వచ్చింది. అంతకు ముందు సీజన్‌లో ఒక్కో పాస్‌కు సగటున 8.4 గజాలు సాధించిన రాడ్జర్స్ ఆ ఏడాది 6.7కు పడిపోయాడు. నవంబర్ 26న, థ్యాంక్స్‌గివింగ్ రాత్రి, ఫార్వ్ నాలుగో నంబర్ జెర్సీని గ్రీన్ బే సత్కరించిన వేడుక మధ్యలో, బేర్స్ 17-13తో గెలిచింది. ఇక రాడ్జర్స్ కూడా దిగజారుతున్నాడన్న మాట చికాగో నుంచి జాతీయ టీవీ చర్చల దాకా పాకింది. కానీ ప్రధాన రిసీవర్ జోర్డీ నెల్సన్ మోకాలి గాయంతో ఆ సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. దూరంగా పరుగెత్తి డిఫెన్స్‌ను చెదరగొట్టేవాడు లేకపోవడంతో ప్రత్యర్థులు బంతి విసిరే చోటికి దగ్గరగా గుమిగూడారు. 2016లో నెల్సన్ తిరిగి వచ్చాడు. రాడ్జర్స్ 40 టచ్‌డౌన్లు విసిరాడు. జట్టు 4-6తో కుంగిపోయిన దశ నుంచి వరుసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కు (నాకౌట్ దశకు) చేరింది.

రెండో జోస్యానికి బలం 2018లో వచ్చింది, అది మరింత నమ్మదగినదిగా కనిపించింది. ఆ ఏడాది బేర్స్ డిఫెన్స్ లీగ్‌లోనే మేటి. డిసెంబర్ 16న బేర్స్ 24-17తో గెలిచి డివిజన్ టైటిల్ ఖాయం చేసుకుంది. ఇంటర్‌సెప్షన్ లేకుండా వరుసగా 402 పాస్‌లు విసిరిన రాడ్జర్స్ రికార్డుకు బేర్స్ ఆటగాడు ఎడీ జాక్సన్ అదే మ్యాచ్‌లో తెర దించాడు. ప్యాకర్స్ 6-9-1తో (చివరి అంకె డ్రా) ముగించింది, కోచ్ మైక్ మెకార్తీని సీజన్ మధ్యలోనే తొలగించారు. నిజానికి ఆ సీజన్ మొత్తంలో రాడ్జర్స్ సమర్పించుకున్న ఇంటర్‌సెప్షన్లు రెండే. అతని ఆటలో జాగ్రత్త మితిమీరిందనీ, పాతబడిన ఎత్తుగడలు డిఫెన్స్‌లకు అర్థమైపోయాయనీ చెప్పడం సబబుగా ఉండేది. చేతిలో బలం తగ్గిందని చెప్పడం సబబు కాదు. అయితే ప్యాకర్స్ యాజమాన్యమే 2020 ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ క్రమంలో ముందుకు వెళ్లి మరీ 26వ ఎంపికగా మరో క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ లవ్‌ను తీసుకోవడంతో, చికాగో అభిమానుల మాటకు అధికారిక ముద్ర పడినట్టయింది.

ఆ ఏడాది కొత్త కోచ్ మాట్ లాఫ్లర్ పద్ధతి కుదురుకోగానే రాడ్జర్స్ 48 టచ్‌డౌన్లు, 5 ఇంటర్‌సెప్షన్లతో ఆడాడు, సగటు 8.2 గజాలకు పెరిగింది. 2021 అక్టోబర్ 17న సోల్జర్ ఫీల్డ్‌లో స్వయంగా పరుగెత్తి టచ్‌డౌన్ సాధించి, ప్రేక్షకుల వైపు తిరిగి, మీరు ఇప్పటికీ నా సొత్తేనంటూ అరిచాడు. అది అహంకారమే. అప్పటి లెక్కలు మాత్రం దాన్ని ఖండించలేదు: గ్రీన్ బేను వీడే నాటికి రెగ్యులర్ సీజన్‌లో బేర్స్‌పై అతని గెలుపు ఓటములు 24-5.

ఈ నేపథ్యంలో 2022ను చూద్దాం. సగటు 6.8 గజాలకు పడింది, జట్టు 8-9తో ప్లేఆఫ్స్‌కు దూరమైంది. మార్చిలో ప్రధాన రిసీవర్ డావంటే ఆడమ్స్‌ను డ్రాఫ్ట్ ఎంపికలకు బదులుగా రైడర్స్ జట్టుకు ఇచ్చేశారు. అక్టోబర్ 9న లండన్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో మ్యాచ్ ఆఖరి ఎత్తుగడలో రాడ్జర్స్ బొటనవేలు విరిగింది. ప్రధాన రిసీవర్ లేకపోవడం 2015ను గుర్తుచేస్తుంది కాబట్టి ఇది కూడా తాత్కాలికమేనని గ్రీన్ బే అభిమానులు వాదించారు. 31 ఏళ్ల వయసులో నిజమైన వాదన 39 ఏళ్లకు కూడా నిలబడుతుందా అని చికాగో అభిమానులు అడిగారు. ఇద్దరి ప్రశ్నలూ న్యాయమైనవే. పాసర్ రేటింగ్ ఒక్కటే ఈ వివాదాన్ని తేల్చలేదు. 1973 నుంచి లీగ్ వాడుతున్న ఆ సూత్రం అందిన పాస్‌ల శాతం, సగటు గజాలు, టచ్‌డౌన్లు, ఇంటర్‌సెప్షన్లు అనే నాలుగింటినే కలుపుతుంది. బంతి విసిరేలోపే ఎన్నిసార్లు పడగొట్టారు, రిసీవర్ ఎంత ఖాళీ చేసుకున్నాడు, చేతికి ఏ గాయముంది అన్నవి దానిలోకి రావు. వీటిని వేరు చేయాలంటే అదే ఆటగాడిని మంచి రిసీవర్‌తో, గాయం లేకుండా మళ్లీ చూడాలి.

అది గ్రీన్ బేలో జరగలేదు. 2023 ఏప్రిల్‌లో రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్‌కు వెళ్లాడు. సెప్టెంబర్ 11న తొలి మ్యాచ్ నాలుగో ఎత్తుగడలోనే మడమ వెనుక అకిలీస్ టెండన్ తెగి, ఆ సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. 2024లో పదిహేడు మ్యాచ్‌లూ ఆడి 28 టచ్‌డౌన్లు, 11 ఇంటర్‌సెప్షన్లు నమోదు చేశాడు, సగటు 6.7 గజాలే, జట్టు 5-12. అక్టోబర్‌లో ఆడమ్స్ కూడా జెట్స్‌కు వచ్చాడు, అయినా ఆ సగటు పాత స్థాయికి చేరలేదు. 2022లోనే వయసు ప్రభావం మొదలైందన్న చికాగో వాదనకు అసలైన బలం ఇక్కడ దొరుకుతుంది. టెండన్ తెగిన నలభయ్యేళ్ల శరీరం కాబట్టి, ఆ బలం కూడా పూర్తిగా సందేహాతీతం కాదు.

రాడ్జర్స్ వెళ్లిపోతే చాలని నమ్మినవారికి మాత్రం సమాధానం త్వరగానే వచ్చింది. 2023 తొలి వారంలో, ప్యాకర్స్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా తన తొలి సీజన్ మొదటి మ్యాచ్‌లోనే, లవ్ సోల్జర్ ఫీల్డ్‌లో 38-20తో గెలిచాడు. ఆ ఏడాది రెండో మ్యాచ్‌లోనూ, 2024 నవంబర్‌లో ఒక్క పాయింట్ తేడాతో ముగిసిన మ్యాచ్‌లోనూ బేర్స్ ఓడింది. 2018 డిసెంబర్ నాటి గెలుపు తర్వాత ఇలా వరుసగా పదకొండు ఓటములు పేరుకుపోయాయి. వాటిలో ఆఖరి మూడింటికి రాడ్జర్స్‌తో సంబంధం లేదు. అతను గ్రీన్ బేలో ఉన్న కాలమంతటా చికాగో క్వార్టర్‌బ్యాక్ ఎవరూ ఒక సీజన్‌లో 4,000 గజాలు విసరలేదు. జే కట్లర్, మిచెల్ ట్రుబిస్కీ, జస్టిన్ ఫీల్డ్స్ ఒకరి తర్వాత ఒకరు వచ్చి వెళ్లారు. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఎప్పుడు దిగజారతాడా అని లెక్కించడానికి వెచ్చించిన శ్రద్ధలో కొంతైనా ఈ ఖాళీ మీద పెట్టి ఉండవలసింది. బేర్స్ ప్యాకర్స్‌పై మళ్లీ గెలిచింది 2025 జనవరి 5న, గ్రీన్ బేలో, కైరో సాంటోస్ ఆఖరి క్షణంలో కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (బంతిని కాలితో తన్ని సాధించే మూడు పాయింట్లతో), 24-22 తేడాతో.