మొక్క మందు మొదలుపెడితే మాత్రలు ఆపేయాలా? ఔషధ తోటల పనిలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఆయుర్వేదం చదువుకున్నాను. వికారాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో మహిళా సంఘాలతో కలిసి ఔషధ తోటలు పెట్టించడం నా పని. బడి వెనకో, పంచాయతీ స్థలంలోనో నాలుగు మడులు చేసి తులసి, తిప్పతీగ, వామాకు, అడ్డసరం, నేలవేము, కలబంద పెంచుతాం. నెలకోసారి కూర్చుని ఏ ఆకు దేనికి, ఎంత, ఎన్ని రోజులు అని మాట్లాడుకుంటాం. జలుబు, దగ్గు, అజీర్తి లాంటి వాటికి ఈ తోట ఊరికి బాగా అక్కరకొస్తుంది. ఆ నమ్మకం లేకపోతే ఈ పనిలో ఉండేదాన్నే కాదు.

కానీ ఒక మాట వింటే మాత్రం నాకు ఓపిక నశిస్తుంది. ఏ ఊళ్లో తోట పెట్టినా మొదటి నెలలోనే ఎవరో ఒకరు అడుగుతారు: "మేడం, ఇగ ఇంగ్లీషు మాత్రలు బంద్ చేయొచ్చు గదా?"

చేయకూడదు. షుగర్, బీపీ, ఫిట్స్, థైరాయిడ్, టీబీ, గుండె జబ్బు. వీటికి డాక్టర్ రాసిన మందు ఏదైనా సరే, తోటలో ఆకు దొరుకుతోందని ఆపకూడదు. ఫిట్స్ మాత్ర ఒక్కసారిగా ఆపితే ఆగకుండా మూర్ఛలు రావచ్చు. బీపీ మాత్ర ఆపినవాళ్లలో చాలామందికి తలనొప్పి కూడా రాదు, అంతా బాగుందనుకుంటారు, ఒకరోజు పక్షవాతంతో పడిపోవచ్చు. ఇన్సులిన్ మీదే బతికే పిల్లలకు అది ఆపితే కొన్ని రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు ఆ మందుకు లొంగకుండా మొండికేస్తుంది, ఇంట్లో మిగతావాళ్లకూ అదే అంటుకోవచ్చు.

ఒక పెద్దాయన సమావేశానికి బిళ్ళగన్నేరు మొక్క తెచ్చాడు, మడిలో నాటమని. రోజూ పరగడుపున ఆ ఆకులు నములుతాడట, షుగర్‌కి. "మాత్రలు వేసుకుంటున్నవా పెద్దయ్యా?" అని అడిగాను. "అవి ఇడిసిపెట్టిన బిడ్డా. కిడ్నీలు ఖరాబ్ చేస్తయంట గదా" అన్నాడు. కాలి బొటనవేలికి పాత పంచె పీలిక చుట్టి ఉంది. విప్పితే కింద పుండు. నొప్పే లేదన్నాడు. భయపడాల్సింది అందుకే. నరాలు మొద్దుబారిపోయాయి. ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం వేలు గుచ్చి గ్లూకోమీటర్‌లో చూస్తే అంకె రాలేదు, 'హై' అని వచ్చింది. చాలా మీటర్లు 600 దాటితే అంకె చూపించవు. ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాం. వేలు తీసేశారు, కాలు దక్కింది.

ఆయన్ని ఎలా తప్పుపట్టను? ఇంట్లో ఒకరు డయాలిసిస్‌తో పోతే, ఆ మనిషి పదేళ్లు షుగర్ మాత్రలు వాడాడని గుర్తుంటే, భయం మాత్ర మీదికే పోతుంది. నిజం వేరు. కిడ్నీలను తినేసేది అదుపులో లేని షుగరు, బీపీ. షుగర్‌కి ఎక్కువగా రాసే మెట్‌ఫార్మిన్ మాత్ర కిడ్నీలను పాడుచేయదు. కిడ్నీలు అప్పటికే బలహీనపడితే ఆ మాత్ర ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి డాక్టర్లు డోసు తగ్గిస్తారు, లేదా ఆపుతారు. ఆ జాగ్రత్తను చూసి మాత్రే కారణమని ప్రచారం మొదలైంది. భయంగా ఉంటే మాత్ర మానకండి, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి ఏడాదికోసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోండి. ఇంకో విషయం: మెట్‌ఫార్మిన్‌కు మూలం యూరప్‌లో పెరిగే గాలెగా అనే మొక్కలోని పదార్థమే. మొక్క మీద అంత నమ్మకం ఉన్నవాళ్లు ఆ మాత్రను శత్రువులా చూడక్కర్లేదు.

మరి ఆకు తిన్నాక షుగర్ తగ్గిందని అంతమంది చెబుతారేం? ఆకుతో పాటు పథ్యం కూడా చెబుతారు కదా. రాత్రి అన్నం మానెయ్, తీపి మానెయ్, పొద్దున్నే నడువు అంటారు. ఆ కొన్ని వారాలు మనిషి గట్టిగా పాటిస్తాడు, షుగర్ తగ్గుతుంది. పథ్యం చేసిన మేలు ఆకు ఖాతాలో పడుతుంది.

బిళ్ళగన్నేరు సంగతి అందరికీ తెలియాలి. షుగర్‌కి వాడతారని విని 1950లలో కెనడాలో శాస్త్రవేత్తలు దాన్ని ఎలుకలపై పరీక్షించారు. షుగర్ తగ్గలేదు. రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది, తర్వాత విన్‌క్రిస్టిన్. రెండూ ఆసుపత్రిలో డోసు లెక్కకట్టి, రక్తపరీక్షలు చూస్తూ ఎక్కించే మందులు. అంత శక్తి ఉన్న ఆకును రోజూ గుప్పెడు నమలడం ఆరోగ్యం కాదు. మా మడుల్లో బిళ్ళగన్నేరు పువ్వుల కోసమే ఉంటుంది.

'చెట్టు మందుకు సైడ్ ఎఫెక్టులు ఉండవు' అనేది కూడా ఇలాంటి అపోహే. సర్పగంధి అనే మొక్క బీపీ తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ప్రచురించాకే ప్రపంచం దానివైపు చూసింది. నిజంగా తగ్గిస్తుంది. డోసు మించితే బీపీ మరీ పడిపోతుంది, మనసు కుంగిపోతుంది. పనిచేసే మందు ఏదైనా డోసు తప్పితే హాని చేస్తుంది.

అందుకే మా సంఘాల్లో ఆకు ఇచ్చే ముందు రిజిస్టర్‌లో మొదట రాసేది జబ్బు పేరు కాదు, 'ఇప్పుడు ఏ మాత్రలు వేసుకుంటున్నారు' అనేది. మాత్రల షీటు తెమ్మంటాం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, ఏడాదిలోపు పిల్లలకు ఆకు ఇవ్వం. షుగర్ మాత్ర వాడుతూ కాకర రసం, మెంతులు కూడా ఎక్కువగా తీసుకుంటే షుగర్ మరీ పడిపోవచ్చు కాబట్టి ఆ విషయం డాక్టర్‌కు చెప్పమంటాం. ఆశా వర్కర్‌ని మొదటి సమావేశం నుంచే కూర్చోబెడతాం. వాళ్లు మన పనికి అడ్డం అనుకునే సంఘాలున్నాయి. ఏ ఇంట్లో ఎవరు మాత్రలు మానేశారో ఊళ్లో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే.

మిగతావి త్వరగా చెబుతాను.

పాము కాటుకు వేరు, పసరు, మంత్రం ఏదీ విరుగుడు కాదు. చాలా పాములకు విషమే ఉండదు, విషపాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. వేరుకి పేరొచ్చింది అలాగే. విరుగుడు యాంటీవీనమ్ ఒక్కటే, 108కి ఫోన్ చేయండి. ఈ కాటుకు అరగదీసి తాగించే ఈశ్వరి వేరులోని అరిస్టలోకిక్ ఆమ్లం కిడ్నీలను దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. దాన్ని ఏ తోటలోనూ పెట్టం.

పచ్చకామెర్లు పసరుతో తగ్గాయంటారు. కలుషిత నీటితో వచ్చే రకాలు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. గర్భిణికి కామెర్లు వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. మత్తుగా ఉన్నా, మాట తడబడినా ఎవరికైనా అంతే.

తిప్పతీగ అని తెచ్చే ప్రతి తీగా తిప్పతీగ కాదు. కాడ మీద బొడిపెలు దట్టంగా ఉండి, తుంచితే పాలలాంటి రసం వస్తే అది వేరే జాతి. కోవిడ్ తర్వాత తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు బయటికి వచ్చినప్పుడు, 2022లో ఆయుష్ శాఖ కూడా ఈ తేడా గమనించమని చెప్పింది. నెలల తరబడి కషాయం తాగడం ఎలాగూ వద్దు. లివర్ జబ్బున్నవాళ్లు అసలే వద్దు.

సంతలో పేరు లేని కీళ్లనొప్పుల పొడి రెండు రోజుల్లో నొప్పి మాయం చేస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. ముఖం ఉబ్బడం మొదలైతే ఆ పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దాన్ని కూడా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

'తోటకి ఎకరం కావాలి, ఫండ్ కావాలి' అంటారు. అక్కర్లేదు. ఎండాకాలంలో నీళ్లెవరు పోస్తారో పేర్లతో సహా తేలితే చాలు.

చివరగా అమ్మకం. సంఘం కదా, పొడి చేసి ప్యాకెట్ కట్టి అమ్ముకోవచ్చు అనుకుంటారు. మందుగా తయారుచేసి అమ్మాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. షుగర్, క్యాన్సర్ నయం చేస్తుందని ప్రకటన ఇస్తే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, లైసెన్సున్నా సరే. ఆదాయం కావాలంటే మొక్కలు పెంచి అమ్మండి. కుండీలో తులసి, వామాకు, కలబంద పట్నంలో బాగానే పోతాయి.