క్లోన్ అంటే కొమ్మే

పోయిన నెల మా అక్క కొడుకు కెనడా నుంచి ఒక వీడియో పంపాడు. వాడు అద్దెకుంటున్న ఇంటి ఓనరు కింద బేస్‌మెంట్లో ఊదారంగు లైట్ల కింద రెండు గంజాయి మొక్కలు పెంచుతున్నాడు, వాటి పక్కన ప్లాస్టిక్ మూత కింద జానెడు కొమ్మలు రెండు. లెక్కకి నాలుగు. "మావయ్యా, ఆ చిన్నవాటిని క్లోన్లు అంటున్నాడు. ఇంట్లో క్లోనింగ్ ఏంటి, దానికి ల్యాబ్ అక్కర్లేదా?" అని వాడి ప్రశ్న. నేను జవాబు టైప్ చేసేలోపే ఫ్యామిలీ గ్రూపులో అక్క రెండు మెసేజులు పెట్టేసింది. మొదటిది, "ముందు ఆ వీడియో డిలీట్ చెయ్యరా". రెండోది, "అది క్లోనింగ్ ఏంటి, మన నందివర్ధనం నేను పెట్టింది కూడా అలాగే కదా".

రెండో మెసేజు నూటికి నూరుపాళ్ళూ నిజం. క్లోన్ అనే మాట 1903లో అమెరికాలో హెర్బర్ట్ వెబర్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టింది, గ్రీకు భాషలో దానికి అర్థం రెమ్మ, కొమ్మ. విత్తనంతో కాకుండా కొమ్మతోనో, పిలకతోనో, దుంపతోనో పుట్టుకొచ్చే మొక్కల్ని పిలవడానికి ఒక పేరు కావలసి వచ్చి ఆయన ఆ మాట వాడాడు. దాన్ని మనుషుల దాకా లాక్కెళ్ళింది హాల్డేన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త, 1963లో ఒక ఉపన్యాసంలో (ఆయన అప్పటికే ఇండియా వచ్చేసి, మనకి పొరుగునే భువనేశ్వర్‌లో ఉండేవాడు, మరుసటి ఏడు అక్కడే పోయాడు). 1996లో పుట్టిన డాలీ గొర్రె దెబ్బకి మాట మొత్తం ల్యాబుల పాలైంది. నేను ఇంటర్ పిల్లలకి పాతికేళ్ళు బోటనీ చెప్పాను. క్లోనింగ్‌కి ఉదాహరణ చెప్పమంటే క్లాసు క్లాసంతా గొర్రె పేరే చెప్పేవాళ్ళు. పొద్దున ఆ పిల్లలు తిని వచ్చిన అరటిపండు క్లోనే, ఎండాకాలం తినే బంగినపల్లీ క్లోనే.

గంజాయి సంగతి త్వరగా ముగిస్తాను. కెనడాలో 2018 నుంచి చాలాచోట్ల ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు, జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి మనిషికి మూడు. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద కుండీలో ఒక్క మొక్క పెంచినా నేరమే, పదేళ్ళ దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. విశాఖ ఏజెన్సీ అనగానే అరకు కాఫీతో పాటు 'శీలావతి' రకం గంజాయి పేరు కూడా పేపర్లలో పడే ఊరు మనది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని కుప్పలు పోసి తగలబెట్టారు. కాబట్టి కింద చెప్పే నా ప్రయోగాలన్నీ మందారం మీదే, ఎంవీపీ కాలనీలో మా బాల్కనీలో చేసినవే.

అసలు ఆ ఓనరు విత్తనం వేసుకోక కొమ్మలెందుకు పెడుతున్నాడు? తాటిచెట్లలో పోతుతాడు వేరు, కాయలు కాసేది వేరు అని భీమిలి రోడ్డులో ఏ గీత కార్మికుడిని అడిగినా చెబుతాడు. గంజాయి కూడా అంతే, ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మత్తు కోసం వాడే జిగురంతా ఆడపూల చుట్టూ ఉండే సన్నటి నూగులో, పుట్టగొడుగు ఆకారంలో ఉండే గ్రంథుల్లో తయారవుతుంది. పుప్పొడి పడిందంటే మొక్క బలమంతా గింజ కట్టడానికి పోతుంది, జిగురు తగ్గిపోతుంది. విత్తనం వేస్తే సగం మగవే వస్తాయి. పూత వచ్చే దాకా ఏది ఏదో చూసి చెప్పడం కష్టం. ఆడదని తెలిసిన మొక్క కొమ్మ పెడితే వచ్చేదీ ఆడదే, అక్షరం పొల్లుపోదు. కోతకొచ్చిందా లేదా అన్నది కూడా ఆ గ్రంథుల్ని భూతద్దంలో చూసే తేలుస్తారు, గాజులా ఉన్నవి పాలరంగుకి తిరుగుతాయి. పచ్చి మొక్కలో ఉండేది మత్తెక్కించే టీహెచ్‌సీ కాదు, దాని ఆమ్ల రూపం. వేడి తగిలి ఒక కార్బన్ డయాక్సైడ్ ఊడిపోతేనే అది టీహెచ్‌సీ అవుతుంది. ఆ టీహెచ్‌సీని శుద్ధంగా వేరుచేసి దాని నిర్మాణం తేల్చింది 1964లో ఇజ్రాయెల్‌లో గావోని, మెషూలం. ఇంతటితో గంజాయి చాలు.

నన్ను చిన్నప్పటి నుంచి పట్టుకుని వదలని ప్రశ్న ఇంకోటి ఉంది. కోసిన కొమ్మకి, తన దగ్గర ఒక్క వేరు కూడా లేనిదానికి, కింది చివర ఏదో, అక్కడే వేరు పెట్టాలని ఎలా తెలుస్తుంది?

మట్టి తగిలింది కాబట్టి అనేవాళ్ళు ఉన్నారు. కాదు. 1878లోనే వోష్టింగ్ అనే జర్మన్ ఆయన విల్లో అనే చెట్టు కొమ్మల్ని తడి గాలి ఉన్న జాడీలో తలకిందులుగా వేలాడదీశాడు. మట్టి లేదు, కింద పైన అన్నీ తారుమారు. అయినా చెట్టు మీద ఉన్నప్పుడు ఏది అడుగో ఆ చివరే, ఇప్పుడు పైకి తిరిగి ఉన్న చివరే, వేళ్ళు వేసింది. నేను ఆగస్టులో దీన్నే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో చేశాను. సీసా అడుగు కోసి, లోపల తడి గుడ్డ చుట్టి, ఒక మందారం కొమ్మ నిటారుగా, ఒకటి తలకిందులుగా దారంతో కట్టాను. మా ఆవిడ దాన్ని చూసి చేతబడి అనుకుంటారేమో, బట్టలారేసే వైపు పెట్టొద్దంది. పన్నెండో రోజుకి కోసిన చోట తెల్లగా, మరమరాల్లాంటి ఉబ్బు వచ్చింది. ఇరవై మూడో రోజున తలకిందులు కొమ్మకి పై చివర, అంటే అసలు అడుగు దగ్గర, బెరడు పగిలి మూడు తెల్లటి మొనలు బయటికొచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే కిందకి వంగడం మొదలుపెట్టాయి. వేరుకి కింద ఏదో తెలుసు, కొమ్మకి మాత్రం తన అడుగేదో ఒక్కటే తెలుసు, ఆ రెండూ వేరు వేరు జ్ఞానాలు. అరగంట సేపు టార్చి వేసుకుని చూస్తూ కూర్చున్నాను.

జవాబు ఆక్సిన్ అనే హార్మోన్‌లో ఉంది, అంతకంటే ఎక్కువగా అది నడిచే దారిలో ఉంది. దీనికి సింహాచలం చందనోత్సవం క్యూని గుర్తు తెచ్చుకోండి. కొమ్మ అంటే పైనుంచి కిందకి వరసగా కట్టిన వేల కంపార్టుమెంట్లు అనుకుందాం, ఒక్కో కణం ఒక్కో కంపార్టుమెంటు. భక్తులు ఆక్సిన్ అణువులు, వాళ్ళు బయల్దేరేది పైన లేత చిగురు దగ్గర. ఈ కంపార్టుమెంట్లకి గోడలు లేవు, చుట్టూ తెరలే. చేతిలో చీటీ ఉన్నవాడు ఏ వైపు తెరలోంచైనా లోపలికి దూరొచ్చు. లోపలికి అడుగు పెట్టగానే చీటీ తీసేసుకుంటారు. చీటీ లేనివాడు తెర దాటలేడు. ఇక బయటికి ఒకటే దారి, అడుగున ఉన్న గేటు, అక్కడ నిలబడ్డ వలంటీర్లు ఒక్కొక్కరినే కిందకి తోస్తారు. అంటే లోపలికి రావడానికి నాలుగు దిక్కులు, బయటికి పోవడానికి కిందవైపు ఒక్కటే. ఎవరికీ దారి తెలియక్కర్లేదు, గుంపు మొత్తం కిందకే నడుస్తుంది.

ఇప్పుడు కాస్త లెక్క. చీటీ అంటే ప్రోటాన్. కణాల మధ్య గోడల్లో కొంచెం పులుపు, పీహెచ్ ఐదున్నర దగ్గర, కణం లోపల ఏడు దగ్గర. ఆక్సిన్ (అసలు పేరు ఇండోల్ ఎసిటిక్ ఆమ్లం) పీకేఏ, అంటే సరిగ్గా సగం అణువుల దగ్గర ప్రోటాన్ ఉండే పీహెచ్, 4.75. లెక్క కడితే బయట నూటికి సుమారు పదిహేను అణువుల దగ్గర ప్రోటాన్ ఉంటుంది, వాటికి విద్యుదావేశం లేదు కాబట్టి కొవ్వు పొరలోంచి జారి లోపలికి పోతాయి. లోపల పీహెచ్ ఏడు, అక్కడ ప్రోటాన్ నిలిచేది నూటికి ఒకటి కంటే తక్కువ అణువుల దగ్గరే, మిగతావన్నీ ఋణావేశంతో చిక్కుబడిపోతాయి. లోపలికి లాక్కునే ప్రోటీన్లూ ఉన్నాయి గానీ వాటిని వదిలేద్దాం. బయటికి తోసే వలంటీర్ల పేరు పిన్ ప్రోటీన్లు. అవి పనిచేయని ఒక మొక్కలో పూలు రాక కాండం గుండుసూదిలా మిగిలింది, పేరు అలా వచ్చింది. ఈ పిన్‌లు కాండం కణాల్లో అడుగు వైపే గుంపుగా ఉంటాయి. కొమ్మని తలకిందులు చేసినా వలంటీర్లు చాలావరకు ఉన్న గేటు దగ్గరే ఉంటారు. వోష్టింగ్ విల్లోకీ నా మందారానికీ అడుగు గుర్తుండటమంటే ఇదే, ఒక్కో కణం తన గేటు ఎటుందో మర్చిపోకపోవడం.

ఈ క్యూ వేగం గంటకి దాదాపు సెంటీమీటరు. పొద్దున ఎనిమిదింటికి పదిహేను సెంటీమీటర్ల కొమ్మ కోశారనుకోండి, ఆ నిమిషానికి చిగురు దగ్గర బయల్దేరిన ఆక్సిన్ రాత్రి పదకొండుకి కోసిన చోటుకి చేరుతుంది. చేరి ఎక్కడికి పోతుంది? కింద కంపార్టుమెంటే లేదు, కత్తెరతో నరికేశాం. పైనుంచి జనం వస్తూనే ఉంటారు, ఆఖరి గేటు దగ్గర తొక్కిసలాట. ఆ తొక్కిసలాటే వేరుకి కబురు.

కత్తెర పడిన గాయం కూడా ఊరికే ఉండదు. గంటల్లోనే జాస్మోనేట్ అనే రసాయనం పెరుగుతుంది (జాస్మిన్ నూనెలో మొదట దొరికింది కాబట్టి ఆ పేరు, మన మల్లెల చుట్టమే). అది అక్కడికక్కడ ఇంకొంచెం ఆక్సిన్ తయారీని ఎగదోస్తుంది. పోగుపడ్డ ఆక్సిన్ నాళాల పక్కనున్న కణాల్లో వాక్స్11 అనే జన్యువుని లేపుతుంది, ఆరబిడాప్సిస్ అనే కలుపుమొక్కలో ఈ వరస బాగా తేలింది. ఆ జన్యువు లేచిన కణం, నిన్నటి దాకా కాండంలో భాగమైనది, వేరుకి పునాది కణమైపోతుంది. గాలి అంటు కట్టేవాళ్ళు చేసేదీ ఇదే, బెరడు ఉంగరంలా తీస్తే క్యూ అక్కడ తెగుతుంది, వేళ్ళు ఎప్పుడూ గాటుకి పైఅంచునే వస్తాయి. కొమ్మకి వేళ్ళు రావడానికి నర్సరీలో అమ్మే తెల్ల పొడి కూడా ఆక్సిన్ చుట్టమే, ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం. దాన్ని కొమ్మ మొత్తానికీ పౌడరు రాసినట్టు రాసేవాళ్ళని చూశాను. అడుగున అంటితే చాలు, ఎక్కువైతే వేరు రాకపోగా అడుగు కుళ్ళుతుంది.

అన్ని చెట్లూ వినవు. ముదురు మామిడి కొమ్మ ఎన్ని మందులు పెట్టినా మొరాయిస్తుంది, అందుకే అంటు కడతారు. కొబ్బరికి పక్క కొమ్మే లేదు, గాయం మాన్చి కొత్త కణాలు కట్టే పొర కూడా లేదు, నరికితే నరికినట్టే. మనీప్లాంట్ అయితే కణుపు దగ్గర వేరు మొగ్గని ముందే సిద్ధంగా పెట్టుకుని ఉంటుంది, దానికి ఈ కథంతా అనవసరం. అది దొంగతనంగా తెస్తేనే కలిసొస్తుందని మా వీధిలో గట్టి నమ్మకం, మా కుండీ మూడుసార్లు బోడి అయింది. నా అనుమానం ఏమిటంటే దొంగ తొందరలో తుంచేది లేత కొస, ఇంటికెళ్ళగానే నీళ్ళలో పెడతాడు, బతకక ఏం చేస్తుంది? మనం మర్యాదగా అడిగి తెచ్చుకున్న కొమ్మ సంచిలో రెండు రోజులు మగ్గుతుంది. నెలసరిలో ఉన్నవాళ్ళు ముట్టుకుంటే మొక్క చచ్చిపోతుందనే మాట మాత్రం నేను నవ్వుకుని వదిలేయలేను. క్లాసులో ఒకమ్మాయి ప్రాక్టికల్స్‌కి ఆ కారణంతో దూరంగా నిలబడితే మా బ్యాచ్ కొమ్మలన్నీ ఆ పిల్ల చేతే పెట్టించాను. తొమ్మిదింట్లో ఏడు బతికాయి.

మేనల్లుడు ఈ పురాణమంతా విని ఒక మంచి ప్రశ్న వేశాడు. "మరి తల్లి మొక్కకి జబ్బుంటే?" జబ్బూ క్లోనే రా అన్నాను. అమృతపాణి అరటి తోటలు పనామా అనే బూజు తెగులుకి అలా ఊడ్చుకుపోవడం చూసిన రైతులకి ఇది కొత్త కాదు, పిలకతో పాటే బూజూ వస్తుంది, పైగా అన్ని చెట్లూ ఒకే చెట్టు కాబట్టి ఒకదానికి లేని తట్టుకునే శక్తి దేనికీ లేదు. ఉత్తర అమెరికా గంజాయి పెంపకందార్లని ఇప్పుడు ఏడిపిస్తున్నది హాప్ లేటెంట్ వైరాయిడ్. వైరస్ కూడా కాదు అది, ప్రోటీన్ తొడుగు లేని ఆర్‌ఎన్‌ఏ ఉంగరం, మొత్తం 256 అక్షరాలు. ఈ పేరాలో అంతకంటే ఎక్కువ అక్షరాలున్నాయి. చాలాసార్లు మొక్క పైకి బాగానే కనిపిస్తుంది, జిగురు మాత్రం పడిపోతుంది, అదే కత్తెరతో పక్క మొక్క కొమ్మ కోస్తే అదీ పాడు. స్పిరిట్‌తో తుడిస్తే చాలదు, బ్లీచింగ్ నీళ్ళలో ముంచాలి.

ఇది ఓనరుకి చెప్పానని వాడు మెసేజ్ పెట్టాడు. అక్క మాత్రం కూరగాయలు తరిగే చాకుతోనే ఇప్పటికీ నందివర్ధనం కొమ్మలు కోస్తోంది.