చారు మీది నూనె బొట్టు, కణంలో కొవ్వు నడిచే దారి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పండుగకు వచ్చినప్పుడు నా రక్తపరీక్ష కాగితంలో ఎల్‌డీఎల్ అన్న మాట చూసి, అది ఒంట్లో ఎక్కడికి పోతుందని అడిగారు. ఆ రోజు 'చెడ్డ కొలెస్టరాల్' అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఆ జవాబు నాకే తృప్తిగా లేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ రాత్రి అన్నం తినేటప్పుడు చారు గిన్నెలోకి చూడండి. పోపు నూనె చిన్న చిన్న బొట్లుగా పైన తేలుతుంటుంది. గరిటెతో కదిపితే ఒక బొట్టు రెండవుతుందే తప్ప చారులో కలవదు. మన రక్తమూ, కణం లోపలి ద్రవమూ చాలావరకు నీరే కనుక కొలెస్టరాల్ కూడా అందులో కరగదు. అయినా ప్రతి కణానికీ తన పొరలు కట్టుకోవడానికి అది కావాలి. అందుచేత శరీరం దాన్ని మూట కట్టి పంపుతుంది. ఎల్‌డీఎల్ అంటే ఆ మూటే. సుమారు 22 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షవ వంతు) అడ్డుకొలత గల ఆ గోళం లోపల, కొవ్వు ఆమ్లంతో జతకట్టిన కొలెస్టరాల్ అణువులు దాదాపు 1500 ఉంటాయి. పైన ఫాస్ఫోలిపిడ్ల, అంటే భాస్వరం ఉన్న కొవ్వుల పొర, దాన్ని చుట్టుకొని ఒకే ఒక పెద్ద ప్రోటీను ఉంటాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలిచే పద్ధతి, ఈ ఫాస్ఫోలిపిడ్లను లెక్కగట్టడానికి ఎన్నో ప్రయోగశాలలకు ఆధారమైందని మీకు చెప్పకుండా ఉండలేను.

మూట కణం గుమ్మం చేరగానే అక్కడి గ్రాహకం అనే ప్రోటీను దాన్ని పట్టుకుంటుంది. అమెరికాలోని డల్లాస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యులు, పుట్టుకతోనే కొలెస్టరాల్ విపరీతంగా ఉన్న రోగుల చర్మకణాలను పెంచి చూసి, వాటిలో ఈ గ్రాహకం లోపించిందని కనుగొన్నారు. 1985లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. గ్రాహకం పట్టుకున్న చోట కణం పొర గుంటపడి, చిన్న సంచిగా తెగి లోపలికి వస్తుంది. సంచిలో పులుపు పెరగగానే గ్రాహకం మూటను విడిచి, మరో మూట కోసం మళ్లీ గుమ్మానికి వెళ్లిపోతుంది. ఈ రానుపోను ప్రయాణానికి దానికి పది నిమిషాలు చాలు.

మూట మాత్రం లైసోజోమ్‌కు చేరుతుంది. 1955లో డి డువ్ అనే శాస్త్రవేత్త పేరుపెట్టిన, కణం లోపలి ఈ గదిని మీ పాఠాల్లో స్వయం విచ్ఛిత్తి సంచి అంటారు. ఆ పేరు దానికి అన్యాయం చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అది రోజంతా చేసేది వచ్చిన సరుకును విప్పి పంచే పని. చుట్టూ ఉన్న ద్రవం కంటే అక్కడ ఆమ్లత వంద రెట్లకు పైగా ఎక్కువ. ఆ పులుపులోనే పనిచేసే లైపేజ్ అనే ఎంజైము కొలెస్టరాల్‌ను కొవ్వు ఆమ్లం నుంచి విడదీస్తుంది. విడిపడిన అణువును ఎన్‌పీసీ2 అనే చిన్న ప్రోటీను తన గుంటలో దాచుకొని, లైసోజోమ్ గోడలో నిలబడిన ఎన్‌పీసీ1 అనే మరో ప్రోటీను చేతికి అందిస్తుంది. అక్కడి నుంచి కొంత కణం పైపొరకూ, కొంత అంతర్జీవ ద్రవ్యజాలం అనే, కణంలో వలలా పరుచుకున్న మరో గదికీ చేరుతుంది. ఈ రెండు గదుల గోడలు కొన్ని పదుల నానోమీటర్ల దూరంలోకి వచ్చి, కలిసిపోకుండా నిలిచిన చోట్ల కొన్ని ప్రోటీన్లు వంతెనలా నిలబడి కొవ్వును చేతులు మారుస్తాయి. కణంలో కొలెస్టరాల్ ఎంత ఉందో చూసే కావలి ఈ ద్రవ్యజాలం గోడలోనే ఉంది. సరిపడా వచ్చిందంటే కొత్త గ్రాహకాల తయారీ తగ్గుతుంది. మిగిలిన సరుకు మళ్లీ కొవ్వు ఆమ్లంతో జతకట్టి, మీరు చారులో చూసినలాంటి బొట్టుగా నిల్వ ఉంటుంది.

ఎన్‌పీసీ1 గానీ ఎన్‌పీసీ2 గానీ పుట్టుకతో చెడిపోయిన పిల్లలున్నారు. ఆ జబ్బును నీమన్-పిక్ సి అంటారు. వారి లైసోజోమ్‌లలో కొలెస్టరాల్ పేరుకుపోతుంది, కాని కావలి ఉన్న గదికి అది చేరదు. గాదె నిండా ధాన్యం ఉండి, తాళంచెవి పోయి, ఇంట్లో పస్తులున్నట్టు, కణం తనకు లేదనుకొని ఇంకా ఇంకా తయారుచేస్తుంది, ఇంకా మూటలు పిలుస్తుంది. కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి. నడక నేర్చిన బిడ్డ తూలుతుంది, కళ్లు పైకీ కిందికీ తిప్పడం కష్టమవుతుంది. ఎన్‌పీసీ1 జన్యువు 1997లో దొరికింది. 2024 సెప్టెంబరులో అమెరికా ఈ జబ్బుకు రెండు మందులను అనుమతించింది. అవి జబ్బును పూర్తిగా పోగొట్టేవి కావు. అందుకే ఈ దారి మీద పరిశోధన ఇంకా సాగాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

మీ పుస్తకంలోని కణం బొమ్మలో లైసోజోమ్ ఒక మూల ఒంటరిగా గుండ్రంగా ఉంటుంది. దాని నుంచి అంతర్జీవ ద్రవ్యజాలానికి పెన్సిలుతో ఒక బాణం గీసి, పక్కన 'కొలెస్టరాల్' అని రాసి, ఈసారి వచ్చినప్పుడు నాకు చూపించండి.

ఇట్లు,
మీ తాతయ్య